డబ్బా కూరగాయలను పోల్చాలంటే ముందు నీళ్లు లెక్కగట్టాలి

మిగతావారికీ అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు డాలస్‌లో ఉంటున్నారు, భార్యాభర్తలిద్దరికీ ఉద్యోగాలు. వారంలో సగం రోజులు టిన్నులో వచ్చే శనగలు, పాలకూర, బఠానీ, టమాటాలతోనే వంట. ఒక కంపెనీ కాబూలీ శనగల డబ్బా మీద ప్రొటీన్ 6 గ్రాములని ఉంటే, మరో కంపెనీ డబ్బా మీద 7 అని ఉంది. ఇంట్లో ఉడకబెట్టిన శనగలకు పట్టికల్లో దాదాపు 9 కనిపించింది, ఎండు శనగలకు 20 చుట్టుపక్కల. పాలకూర డబ్బా మీద విటమిన్ సి ఊసే లేదు. రక్తపోటు ఉన్న మీ అత్తగారు వచ్చే నెలలో వస్తున్నారు, డబ్బా కూరల్లో సారం ఉండదని ఆవిడ గట్టి నమ్మకం. ఏ డబ్బా మంచిదో పోల్చి చూడటం ఎలా అని అడిగారు.

డబ్బా ఆహారాల పోషక విలువలు పరీక్షించే పనిలో చాలా ఏళ్లు గడిపాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను. మీరు చూసిన తేడాల్లో ఎక్కువ భాగం పోషకాల తేడా కాదు, నీళ్ల తేడా. నీళ్లను పక్కన పెట్టాక మిగిలేవాటిలో మీ ఇంటికి అన్నిటికన్నా ముఖ్యమైనది ఉప్పు. ఆ తర్వాతే విటమిన్లు, అవి కూడా అన్నీ కాదు, కొన్నే.

శనగలతోనే మొదలుపెడదాం, ఎందుకంటే విషయమంతా ఇందులోనే తేటగా కనిపిస్తుంది. అమెరికా వ్యవసాయ శాఖ పోషక పట్టికల్లో ఒకే రకం శనగలకు వేర్వేరు వరుసలున్నాయి. డబ్బాలోని రసంతో సహా తూచితే 100 గ్రాములకు 88 కేలరీలు, ప్రొటీన్ 4.9 గ్రాములు. రసం వంపేసి గింజలను మాత్రమే తూచితే 139 కేలరీలు, ప్రొటీన్ 7 గ్రాములు. ఇంట్లో నానబెట్టి ఉడికించినవైతే 164 కేలరీలు, ప్రొటీన్ 8.9 గ్రాములు. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే డబ్బా శనగల్లో ప్రొటీన్ సగం పోయిందని ఎవరైనా అనుకుంటారు. కానీ ఇంట్లో ఉడికిన శనగల్లో నీరు సుమారు 60 శాతం, వడకట్టిన డబ్బా శనగల్లో 66 శాతం దాటి ఉంటుంది. నీటిని తీసేసి గింజలోని ఘన పదార్థంలో ప్రొటీన్ ఎంతో లెక్కవేస్తే ఇంటి శనగల్లో 22 శాతం, డబ్బా శనగల్లో 21 శాతం వస్తుంది. ఆ ఒక్క శాతం డబ్బాలోని రసంలోకి దిగి ఉండవచ్చు. ఎండు శనగల 20 గ్రాముల సంగతీ ఇదే. ఎండు గింజ ఉడికితే బరువు రెండింతలు దాటుతుంది కాబట్టి అదే ప్రొటీన్ ఎక్కువ బరువు మీద పరుచుకుంటుంది, అంతే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికలను మనవాళ్లు చాలామంది వాడతారు. చాలా మంచి పట్టికలు. అయితే అందులోని విలువలు వండని పదార్థాలవి. వాటిని తెచ్చి అమెరికా డబ్బా మీది అంకెల పక్కన నేరుగా పెట్టకూడదు. పచ్చిదాన్ని పచ్చిదానితో, ఉడికినదాన్ని ఉడికినదానితో పోల్చాలి.

ఇక 6, 7 గ్రాముల సంగతి. అమెరికాలో రసంలో నిల్వచేసిన శనగలు, రాజ్మా, అలసందల వంటివాటికి ఒక వడ్డన అంటే 130 గ్రాములు, అంటే సుమారు అర కప్పు. ఆ 130 గ్రాముల్లో రసం కూడా కలిసి ఉంటుంది. 100 గ్రాములకు 4.9 చొప్పున 130 గ్రాములకు 6.4 గ్రాముల ప్రొటీన్. లేబుల్ మీద దశాంశాలు వేయరు, దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. 6.4 ఉంటే 6 అవుతుంది, 6.6 ఉంటే 7 అవుతుంది. మీ రెండు కంపెనీల మధ్య అసలు తేడా గ్రాములో అయిదో వంతు కావచ్చు. రసం కాస్త ఎక్కువ పోసినా ఆ మాత్రం మారుతుంది. కేలరీలకూ, ఉప్పులోని సోడియానికీ కూడా ఇలాంటి సవరణ నియమాలే ఉన్నాయి. అందుకని ఒకే సరుకు ఉన్న రెండు డబ్బాల మధ్య ఒక గ్రాము ప్రొటీన్ కోసం, ఒక గ్రాము పీచు కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి.

బ్రిటన్‌లో, యూరప్‌లో ఉన్నవారికి ఈ లెక్క తేలిక. అక్కడ 100 గ్రాములకు విలువలు రాయడం తప్పనిసరి, రసం వంపేశాక మిగిలే బరువు కూడా డబ్బా మీద ఉంటుంది. 400 గ్రాముల శనగల డబ్బాలో గింజలు 240 గ్రాముల దగ్గర ఉంటాయి. భారతదేశంలోనూ 100 గ్రాముల లెక్కే రాస్తారు. అమెరికా డబ్బా మీద ఉండే నికర బరువు మాత్రం రసంతో కలిపినది. 15 ఔన్సుల డబ్బా, అంటే 425 గ్రాములు, వంపేస్తే గింజలు సుమారు 250 గ్రాములు చేతికొస్తాయి. రెండు డబ్బాల్లో ఏది చవకో తేల్చుకోవాలంటే ఒకసారి రెండింటినీ వడకట్టి వంటింటి త్రాసులో తూచి చూడండి. ధర లెక్కకూ పోషకాల లెక్కకూ అంతకన్నా నమ్మకమైన ఆధారం లేదు.

ఇప్పుడు మీ అత్తగారి మాటకు వద్దాం. డబ్బాలో సారం ఉండదన్న అభిప్రాయానికి కొంత ఆధారం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. ఫ్యాక్టరీలో కూరగాయను ముందు కొద్ది నిమిషాలు వేడినీటిలోనో ఆవిరిలోనో ముంచి తీస్తారు. రంగునూ రుచినీ చెడగొట్టే ఎంజైములు దీనితో ఆగిపోతాయి. తర్వాత డబ్బాలో నింపి, ఉప్పునీరు పోసి, లోపలి గాలి చాలావరకు పోయేలా చేసి మూత బిగించి, ఒత్తిడిలో 121 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల వేడిచేస్తారు. పులుపు తక్కువగా ఉండే కూరగాయల్లో, అంటే పులుపును కొలిచే పీహెచ్ 4.6 కన్నా ఎక్కువ ఉన్నవాటిలో, బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు కలిగించే సూక్ష్మజీవి బీజాలు మామూలు మరుగుకు చావవు. వాటి కోసమే ఆ వేడి. మన వంటింటి ప్రెషర్ కుక్కర్ కూడా పూర్తి ఒత్తిడిలో ఇంచుమించు 120 డిగ్రీలకు చేరుతుంది. కాబట్టి డబ్బాలోని కూరగాయ చూసే వేడిని మన పప్పు కూడా రోజూ చూస్తూనే ఉంది.

ఈ ప్రయాణంలో దెబ్బతినేవి నీటిలో కరిగే, వేడికి తట్టుకోలేని విటమిన్లు. విటమిన్ సి, బి విటమిన్లయిన థయమిన్, ఫోలేట్ ముఖ్యమైనవి. పొటాషియం నశించదు, రసంలోకి దిగుతుంది. ప్రొటీన్, పీచు, ఇనుము, కెరోటిన్లు చాలావరకు నిలుస్తాయి.

పాలకూర అంకెలు చూడండి. అవే అమెరికా పట్టికల ప్రకారం 100 గ్రాముల పచ్చి పాలకూరలో విటమిన్ సి 28 మి.గ్రా., ఉడికించి నీళ్లు వార్చేస్తే 10 మి.గ్రా., వడకట్టిన డబ్బా పాలకూరలో 14 మి.గ్రా. ఫోలేట్ పచ్చిదానిలో 194 మైక్రోగ్రాములు, ఉడికినదానిలో 146, డబ్బాలో 98. ఇవి వేర్వేరు నమూనాల మీద తీసిన సగటులు కాబట్టి డబ్బా పాలకూర ఇంట్లో ఉడికినదానికన్నా మేలని నేను చెప్పను. కానీ డబ్బా పాలకూరను పచ్చి ఆకుతో పోల్చి సగం పోయిందనడం న్యాయం కాదు, పాలకూరను మనం పచ్చిగా తినం కదా. పొయ్యి మీద పోయేది ఎలాగూ పోతుంది. డబ్బాలో గాలి దాదాపు ఉండదు కాబట్టి మూత పడ్డాక నష్టం నెమ్మదిస్తుంది. ఫ్రిజ్‌లో వారం రోజులు వాడిపోయిన ఆకుకూర కట్టలో విటమిన్ సి మాత్రం రోజురోజుకీ తగ్గుతుంది. తాజా అన్న మాటను కోసిన రోజు నుంచి లెక్కపెట్టాలి, కొన్న రోజు నుంచి కాదు.

ఇంకొక మాట, ఇది మన వంట గొప్పతనం. పాలకూర పప్పులో మనం నీళ్లు వార్చం. ఆకులోంచి దిగిన ఫోలేట్, పొటాషియం పప్పులోనే ఉంటాయి. తాజా పాలకూర దొరికిన రోజు పప్పు చేసుకోండి, అందులో అన్నిటికన్నా తక్కువ పోతుంది. డబ్బా పాలకూర అయితే నిమ్మరసం పిండండి. పోయిన విటమిన్ సి కొంత తిరిగి వస్తుంది, ఆకులోని ఇనుము ఒంటికి పట్టడానికీ అది తోడ్పడుతుంది.

డబ్బా మీద విటమిన్ సి కనిపించకపోవడానికి కారణం వేరు. అమెరికాలో 2016లో పోషక లేబుల్ నియమాలు మార్చారు. విటమిన్ ఎ, విటమిన్ సి రాయడం అప్పటినుంచి తప్పనిసరి కాదు, వాటి స్థానంలో విటమిన్ డి, పొటాషియం వచ్చాయి. కలిపిన చక్కెరకు విడిగా వరుస కూడా అప్పుడే వచ్చింది. కాబట్టి ఆ వరుస లేకపోతే సున్నా అని అర్థం కాదు, కంపెనీ రాయలేదని మాత్రమే. ఒక కంపెనీ రాసి, ఇంకొకటి రాయకపోతే రాసినదానిలోనే ఉందని అనుకోవద్దు.

పచ్చి బఠానీలో కూడా దాదాపు ఇదే కథ. పచ్చిగా 100 గ్రాములకు విటమిన్ సి 40 మి.గ్రా., ఉడికిస్తే 14, గడ్డకట్టించిన బఠానీ ఉడికిస్తే 10, డబ్బా బఠానీలో కూడా దాదాపు 10. పోషకాల పరంగా గడ్డకట్టించినదీ డబ్బాదీ వండాక చాలా దగ్గరగా వస్తాయి. అయినా నేను గడ్డకట్టించినదే కొంటాను, ఉప్పు తక్కువ, గింజ మెత్తబడదు, పచ్చదనం నిలుస్తుంది. డబ్బా బఠానీ ఆలివ్ రంగుకు తిరగడానికి కారణం ఆ వేడికి పత్రహరితంలోని మెగ్నీషియం ఊడిపోవడం. రంగు మారింది కదా అని పోషకాలన్నీ పోయినట్లు కాదు. బ్రిటన్‌లో ఉన్నవారు ఒకటి గమనించాలి: అక్కడ ప్రాసెస్డ్ పీస్ అని అమ్మేవి ఎండు బఠానీని నానబెట్టి డబ్బాలో పెట్టినవి, గార్డెన్ పీస్ అనేవి పచ్చి గింజలతో చేసినవి. ఈ రెండింటినీ ఒకే సరుకుగా పోల్చకూడదు.

బీన్స్ ముక్కల గురించి చెప్పడానికి పెద్దగా లేదు. డబ్బా బీన్స్‌లో విటమిన్ సి చాలా తక్కువ మిగులుతుంది, వేపుడుకు పనికిరానంత మెత్తగా ఉంటాయి. గడ్డకట్టించినవి కొనండి.

టమాటా దగ్గర మాత్రం ఆగాలి. డబ్బాలో పెట్టడం వల్ల లాభపడే కూరగాయ ఏదైనా ఉందంటే అది టమాటాయే. అది పుల్లనిది కాబట్టి 121 డిగ్రీల వేడి అక్కర్లేదు, మరుగు చుట్టుపక్కల వేడి చాలు. విటమిన్ సి ఇతర కూరగాయలకన్నా బాగా నిలవడానికి ఆ పులుపు కూడా సాయపడుతుంది. ఎరుపు రంగునిచ్చే లైకోపీన్ వేడికి నశించదు. పైగా వేడికి కణాల గోడలు విడిపోవడంతో అది పేగుల్లో తేలికగా పీల్చుకోబడుతుంది. నూనె తోడైతే మరీ బాగా, కాబట్టి మన తాలింపు ఇక్కడ రుచికే కాదు, పోషణకూ పనికొస్తుంది. 100 గ్రాముల పచ్చి టమాటాలో లైకోపీన్ సుమారు 2.6 మి.గ్రా. ఉంటే, టమాటా పేస్టులో 29 మి.గ్రా. దగ్గర ఉంటుంది. ఇందులో పెద్ద భాగం మళ్లీ నీళ్ల లెక్కే. పచ్చి టమాటాలో నీరు 94 శాతం, పేస్టులో 73 శాతం. అమెరికా నియమాల ప్రకారం కరిగే టమాటా ఘనపదార్థం 24 శాతానికి తగ్గకపోతేనే దాన్ని పేస్టు అనాలి, 8 శాతం నుంచి 24 శాతం లోపు ఉంటే ప్యూరీ. అందువల్ల పేస్టు లేబుల్‌ను ప్యూరీ లేబుల్‌తో పోల్చి, పేస్టులో పోషకాలు ఎక్కువ అనుకుంటే పొరపాటు. పేస్టులో నీళ్లు పోస్తే అది ప్యూరీకి దగ్గరవుతుంది.

పేస్టు కొనేటప్పుడు పదార్థాల జాబితా చదవండి. టమాటా తప్ప మరేమీ లేని పేస్టులో 100 గ్రాములకు సోడియం 60 మి.గ్రా. దగ్గర ఉంటుంది. ఉప్పు కలిపినదానిలో 790 దాకా ఉంటుంది. పక్కపక్కన ఒకే ధరకు, ఒకేలాంటి డబ్బాలో కనిపించే రెండు సరుకుల మధ్య పదమూడు రెట్ల తేడా ఇది. ఇలాంటి తేడా మీదే మీ దృష్టి ఉండాలని నా కోరిక. ఇక ముక్కలుగా కోసిన టమాటా డబ్బాల్లో కాల్షియం క్లోరైడ్ కలుపుతారు, ముక్క చెదరకుండా ఉండటానికి. కాల్షియం అంకె ఎక్కువగా కనబడేది అందుకే. ఆ ముక్కలు ఎంత ఉడికినా కూరలో కలిసిపోకుండా నిలబడేదీ అందుకే. పులుసుకూ చట్నీకీ అయితే మొత్తం టమాటాల డబ్బా కొని చేత్తో నలపండి.

గుమ్మడి గుజ్జు డబ్బాను మనవాళ్లు అంతగా పట్టించుకోరు. అమెరికాలో అది చవక. 100 గ్రాముల్లో విటమిన్ ఎ 778 మైక్రోగ్రాముల దాకా ఉంటుంది, పచ్చి గుమ్మడిలో 426. డబ్బాకు వాడే రకం వేరు, పైగా నీరు తగ్గేదాకా ఉడికిస్తారు కాబట్టి చిక్కగా ఉంటుంది. ముక్కలు కావలసిన దప్పళానికి పనికిరాదు గానీ సూపులో, హల్వాలో, చపాతీ పిండిలో చక్కగా కలుస్తుంది. దాని పక్కనే పై ఫిల్లింగ్ (pie filling) అని ఉండే డబ్బా మాత్రం చక్కెర, మసాలాలు కలిపినది, అది వేరే సరుకు. స్వీట్ కార్న్‌లోనూ ఇలాగే గమనించాలి. క్రీమ్ స్టైల్ కార్న్‌లో సాధారణంగా పాల మీగడ ఉండదు, గింజల గుజ్జు, పిండి పదార్థం, చాలాసార్లు చక్కెర ఉంటాయి. కలిపిన చక్కెర వరుస చూడండి.

ఇప్పుడు ఉప్పు. మామూలు శనగల డబ్బా మీద ఒక వడ్డనకు సోడియం 360 మి.గ్రా. అని ఉంటుందనుకోండి. అమెరికా రోజువారీ పరిమితి 2300 మి.గ్రా.లో అది 16 శాతం, చూడటానికి పెద్దగా అనిపించదు. కానీ డబ్బాలో వడ్డనలు మూడున్నర దాకా ఉంటాయి. డబ్బా మొత్తం మీద 1200 మి.గ్రా. దగ్గర, అంటే మూడు గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి రోజుకు 5 గ్రాముల ఉప్పు లోపే ఉండాలంటుంది. మనం డబ్బా తెరిచి కూరలో మళ్లీ మన కొలతకు ఉప్పు వేస్తాం. మనవాళ్ల ఇళ్లలో డబ్బా కూరల వల్ల అసలు నష్టం జరిగేది ఇక్కడే.

రసం వంపేస్తే ఆ 1200లో దాదాపు సగం పోతుంది, గింజల్లో 620 దాకా మిగులుతుంది. జల్లెడలో వేసి కుళాయి కింద కడిగితే 540 దాకా దిగుతుంది. పెద్ద పని వంపేయడం వల్లే జరుగుతుంది, కడగడం చేసేది కొంతే. అయినా అర నిమిషం పని, తప్పక చేయండి. రసంతోపాటు కొంత ఫోలేట్, కొంత పొటాషియం కూడా పోతాయి, రక్తపోటు ఉన్న ఇంట్లో ఆ బేరం లాభమే. ఉప్పు కలపని డబ్బా అయితే ఆ రసాన్ని చారులోనో కూరలోనో నిశ్చింతగా వాడుకోవచ్చు.

లేబుల్ మీది మాటలకు కచ్చితమైన అర్థాలున్నాయి. లో సోడియం అంటే వడ్డనకు 140 మి.గ్రా. లేదా అంతకన్నా తక్కువ. రెడ్యూస్డ్ సోడియం అంటే మామూలు సరుకు కన్నా కనీసం 25 శాతం తక్కువ, అంతే. మామూలుది చాలా ఉప్పనిదైతే తగ్గించినది కూడా ఉప్పనిదే. నో సాల్ట్ యాడెడ్ అంటే తయారీలో ఉప్పు కలపలేదని, కూరగాయలో సహజంగా ఉన్నది మాత్రమే ఉంటుంది. శనగల్లో అది వడ్డనకు సాధారణంగా 10 నుంచి 40 మి.గ్రా. మీ అత్తగారి కోసం ఈ మూడోదాన్నే కొనండి. కంపెనీ ఏదన్నది తర్వాతి సంగతి.

రాజ్మా గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. డబ్బా రాజ్మా పూర్తిగా ఉడికినది, నేరుగా వాడవచ్చు. ఎండు రాజ్మాను స్లో కుక్కర్‌లో నేరుగా వేయవద్దు. ఆ వేడి అందులోని సహజ విషపదార్థాన్ని నశింపజేయడానికి చాలదు, కడుపు తీవ్రంగా పాడవుతుంది. నానబెట్టిన నీళ్లు పారబోసి, కొత్త నీటిలో కనీసం అరగంట బాగా మరిగించాకే అందులో వేయాలి. ప్రెషర్ కుక్కర్‌లో మెత్తగా ఉడికిస్తే ఈ భయం లేదు.

మీ స్థానంలో నేనుంటే అల్మారాలో ఉప్పు కలపని శనగలు, రాజ్మా, అలసందలు, టమాటా తప్ప ఏమీ లేని పేస్టు, మొత్తం టమాటాలు, గుమ్మడి గుజ్జు డబ్బాల్లో పెట్టుకుంటాను. బఠానీ, బీన్స్, మొక్కజొన్న, పాలకూర ఫ్రీజర్ నుంచి వాడతాను. ఉబ్బిన డబ్బా, అంచు దగ్గర లోతుగా సొట్టపడిన డబ్బా, తెరవగానే చిమ్మిన డబ్బా రుచి కూడా చూడకుండా పారేయాలి. తెరిచాక మిగిలినదాన్ని గాజు గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టి మూడు నాలుగు రోజుల్లో వాడేయాలి.

చివరగా ఒక ముఖ్యమైన జాగ్రత్త. మీ అత్తగారికి రక్తపోటుతో పాటు మూత్రపిండాల సమస్య ఉందేమో ముందే కనుక్కోండి. సోడియం తగ్గించిన కొన్ని సరుకుల్లో రుచి కోసం పొటాషియం క్లోరైడ్ కలుపుతారు, పదార్థాల జాబితాలో ఆ పేరు ఉంటుంది. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి అది ప్రమాదం. అలాంటివారికి ఉప్పూ పొటాషియం క్లోరైడూ రెండూ కలపని డబ్బా తీసుకుని, రసం పూర్తిగా వంపేసి, కడిగి వండాలి. రోజుకు ఎంత పెట్టవచ్చో ఆవిడ వైద్యుణ్ణి అడిగాకే నిర్ణయించండి. ఆవిడ మందుల చీటీ, మూత్రపిండాల పనితీరు తెలిపే ఇటీవలి క్రియాటినిన్, పొటాషియం రక్తపరీక్షల ఫలితాలు వచ్చేటప్పుడు వెంట తెచ్చుకోమనండి.